గోడ దిగిన గాలి

"...కంపు నా గోడదా, నీ ముక్కుదా? ముందు అది తేల్చు!" అంటున్నాడు మేస్త్రి, చెల్లెలి పెరట్లో నిలబడి.

"నా ముక్కుదైతే లాడ్జి మేనేజరుక్కూడా నా ముక్కే అతికించారా? ఇదిగో, నువ్వే చూడు." ముక్కమ్మ తీగ మీది తలగడ గలీబు ఒకటి లాగి అన్న మొహానికి పెట్టింది. అతను చటుక్కున మొహం తిప్పుకున్నాడు.

"చూశావా!"

"ఏం చూశాను? తుమ్మొచ్చింది."

ముక్కమ్మ అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. లాండ్రీ పెట్టిన కొత్తలో వీధి పెట్టింది. బట్టలు తీసుకునేటప్పుడు ఒకసారి, తిరిగి ఇచ్చేటప్పుడు ఒకసారి, ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూడనిదే ఆమె చేతులు కదలవు. మిగతా లాండ్రీల వాళ్లు మడతల మీద సెంటు చిలకరిస్తారు. "సెంటు కొట్టారంటే అడుగున ఏదో కుళ్లుతోందన్నమాటే" అంటుందామె. పెళ్లికి ముందు తన మొహం చూడలేదనీ, చొక్కా వాసన చూసి ఒప్పుకుందనీ మొగుడు అందరికీ చెప్పి నవ్వుతాడు. అది అబద్ధం కాదు.

ఇంతకాలం ఊరి మురికిలో చేతులు పెట్టి బతికినా ఆమెకు మురికి అలవాటు కాలేదు. లాడ్జి దుప్పట్లు ఇప్పటికీ రెండు వేళ్లతోనే విప్పుతుంది. జుట్టు నూనె జిడ్డు, ఎండి అట్టకట్టిన చీమిడి, ఎవరి కాలివేళ్ల సందుల్లోంచో రాలిన మడ్డి. అసహ్యంతోనే నానబెడుతుంది, అసహ్యంతోనే రుద్దుతుంది. చివరికి పెరట్లో ఎండిన దుప్పటి ఏ వాసనా లేకుండా చేతికొచ్చినప్పుడే ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకునేది.

పెరటి పక్కనే సబ్బుల కంపెనీ కోసం కొవ్వు కాచే షెడ్డు. నాలుగు స్తంభాలు, పైన రేకులు, రేకుల్లోంచి మూరెడు పైకి లేచిన పొగగొట్టం. మధ్యలో నడుమెత్తు పాత గోడ. మధ్యాహ్నం గాలి లేస్తే పొగ పెరట్లోంచి పోయేది. ఆ కాసేపు ముక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది. గాలి ఇటు వచ్చి అటు పోయేది, దాంతో కంపూ పోయేది. అయినా ఆమె ఓర్చుకోలేకపోయింది. "అన్నయ్యా, దాని మొహం నాకు కనబడకుండా చెయ్యి" అని అడిగింది.

మేస్త్రి ఆదివారాలన్నీ ఆ గోడకే పెట్టాడు. కూలి మాటెత్తితే "చెల్లెలి గోడకి కూలేంటే?" అని కసిరాడు. పాత గోడ మీదే నిలువెత్తు దాటించి లేపాడు. పెరటి గోడకి ఎవరూ చేయించని విధంగా రెండు వైపులా అద్దంలా ప్లాస్టరింగు చేశాడు. ఇల్లు కట్టించుకునేవాళ్లు వస్తే వెంటబెట్టుకొచ్చి చూపించేవాడు. "చెయ్యేసి చూడండి. జారిపోకపోతే అడగండి."

గోడ లేచాక దుప్పట్లు వెనక్కి రావడం మొదలైంది.

"ఉతికారా, కొవ్వులో ముంచి తీశారా?" అన్నాడు లాడ్జి మేనేజరు. ముక్కమ్మ మళ్లీ ఉతికింది. సబ్బు పెంచింది, సోడా పెంచింది, సరిగా జాడించలేదని మొగుణ్ని నానా మాటలూ అంది. పాపం, అతను చేతులు నానిపోయేలా జాడించాడు. ఎండేదాకా బాగానే ఉండేది. ఎండాక అదే వాసన, పాత చెప్పు కాలినట్టు. షెడ్డు మీదికి గొడవకు వెళ్తే కాచేవాడు గరిటె ఊపుతూ, "కొత్తగా ఏం కాచట్లేదమ్మా. అదే కొవ్వు, అదే గొట్టం" అన్నాడు. చుట్టపుచూపుగా వచ్చిపోయే కంపు ఇప్పుడు పెరట్లో కాపురం పెట్టింది.

నిన్న మేనేజరు ఆఖరి మాట చెప్పాడు. ఈ వారం దుప్పట్లు కూడా ఇలాగే వస్తే వేరేవాళ్లకిస్తాడు. లాడ్జి పోతే వీధి చొక్కాల ఇస్త్రీతో పొయ్యి వెలగదు. అందుకే ఇవాళ అన్నను పిలిపించింది.

"సరే, ముక్కుని నమ్మకు. కళ్లున్నాయిగా?" అంది. "గాలి ఎటు నుంచి వస్తోంది?"

"షెడ్డు వైపు నుంచి."

"మరి ఈ గలీబులు గోడ వైపుకి ఊగుతున్నాయేం?"

మేస్త్రి చూశాడు. గోడ దగ్గరి తీగ మీదివన్నీ గాలికి ఎదురు తిరిగి గోడ వైపే తలలూపుతున్నాయి.

"తీగ వంకరేమో."

"నీ బుర్ర వంకర!"

మొగుడు ముసిముసిగా నవ్వుతూ తీగ కింద ఊతంగా పెట్టిన పొడుగు కర్ర తెచ్చాడు. ముక్కమ్మ దాని కొసకు చిరుగు దుప్పటి పీలిక కట్టి, బోర్లించిన తొట్టి ఎక్కి, గోడకంటే బాగా పైకి ఎత్తింది. పీలిక ఇస్త్రీ మడతలా తిన్నగా సాగింది. అంచు దాకా దించింది. వణికింది. ఇంకాస్త దించితే దిక్కు తెలియక పైకీ కిందికీ కొట్టుకుంది. తీగల ఎత్తుకి దిగేసరికి వెనక్కి మళ్లి గోడకేసి నీరసంగా ఊగింది.

ఆ పైగాలితోనే పొగ వస్తోంది. రేకుల మీద దువ్విన జడలా నున్నగా జారుతూ వచ్చి గోడ నెత్తికెక్కుతోంది. అంచు దాటగానే పట్టు తప్పి, పాయలు విడిపోయి, సుళ్లు సుళ్లుగా దొర్లుతూ పెరట్లోకి దిగుతోంది. దిగింది బయటికి పోవడం లేదు. గోడ చాటునే తిరిగి తిరిగి దుప్పట్లను నాకుతోంది. ఏదో జిడ్డు ముక్కమ్మ పెదవికి తగిలింది. కాండ్రించి ఉమ్మింది.

"అయితే ఇంకో మూడు అడుగులు లేపుదాం" అన్నాడు మేస్త్రి. "అప్పుడెట్లా దూకుతుందో చూస్తా."

"ఇంకా ఎత్తు నుంచి దూకుతుంది."

"గోడ అడిగింది నువ్వే."

"నేనే."

దుప్పట్ల మీద కంటే, కాచేవాడి గరిటె మీద కంటే, ఆమెకు ఆ క్షణాన తన మీదే ఎక్కువ రోత పుట్టింది. మేస్త్రి వెళ్లి గోడ మీద అరచెయ్యి వేసి నిమిరాడు. చెయ్యి జారింది. అరచేతిని చూసుకున్నాడు. జిడ్డు. లుంగీకి తుడుచుకున్నాడు.

"రెండు వైపులా చేశానే" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

ముక్కమ్మ తొట్టి దిగింది. కర్ర మొగుడికిచ్చింది.

"రేపు పొద్దున పడగొట్టిస్తున్నా అన్నయ్యా. పాత నడుమెత్తు ఉంచి పైదంతా. నువ్వొస్తే నీ చేత్తో, రాకపోతే ఇంకో మేస్త్రి చేత."