రెండుసార్లు పడిన ఉప్పు

మా సంఘంలో స్త్రీల కూటం శుక్రవారం మధ్యాహ్నం జరుగుతుంది. ఒక్కొక్కరూ లేచి ప్రార్థన మనవి చెప్పాలి. ఒకరికి మోకాలి నొప్పి, ఒకరికి మిరప తోటలో తెగులు. నాది మాత్రం రెండేళ్లపాటు ఒకటే మనవి: మా తోడికోడలికి మారుమనస్సు కలగాలి. అందరూ ‘ఆమేన్’ అనేవారు. కళ్లు తెరుచుకుని చెబితే చాడీ, మూసుకుని చెబితే భక్తి. మారుమనస్సు అంటే మారాల్సింది ఎప్పుడూ అవతలివాళ్ల మనసేనని నా నమ్మకం.

అసలు సంగతి ఉప్పు. ఆ మనవి మొదలైన ఏడు కోత పండుగ ప్రేమవిందుకు వంట మేమిద్దరమే చేశాం. గోంగూర మాంసం గుండిగలో నేను ఉప్పు వేశాను. ఆడవాళ్లు ప్రసంగం చెయ్యొచ్చా కూడదా అని పాస్టరుగారితో వాదన పెట్టుకుని, ఆ ఊపులో మళ్లీ వేశాను. వేసిన మరుక్షణమే నాకు తెలిసింది. బంతిలో మొదటి ముద్దకే అందరి మొహాలూ ముడుచుకుపోయాయి.

“ఉప్పెవరేశారమ్మా?” అన్నారు పాస్టరుగారు.

“నేనేసింది చాలక ఈమె కూడా ఏసింది” అన్నాను తోడికోడల్ని చూపించి. ఆమె చేతిలో గరిటె గుండిగలో వదిలేసి వెళ్లిపోయింది. ఆ వచ్చే ఆదివారం నుంచి బస్సెక్కి వినుకొండలో చర్చికి వెళ్లడం మొదలుపెట్టింది. నాతో మాట మానేసింది. అంత పంతమా అని నేను ప్రార్థన మొదలుపెట్టాను.

ఒక శుక్రవారం కూటం మా ఇంట్లో పెట్టుకున్నాం. “ప్రభువా, తన తప్పు ఒప్పుకునే మనసు మా తోడికోడలికి ఇయ్యి” అని ముగించానో లేదో, వెనకనుంచి అందరికంటే గట్టిగా “ఆమేన్!” అని వినబడింది. తిరిగి చూస్తే గడపలో ఆమే, మా అత్తగారి మందులు పట్టుకుని.

“ఆపావేందక్కా, కానీయ్. మా అమ్మ కూడా నాకోసం ఇంత గట్టిగా ప్రార్థన చెయ్యలా.”

కూటంలో పెద్దామె కిసుక్కున నవ్వింది. “ఏమే, వచ్చినదానివి నువ్వూ ఒక ముక్క ప్రార్థన చెయ్యి” అంది.

తోడికోడలు కొంగు నెత్తిన వేసుకుంది. “ప్రభువా, ఆ ఉప్పు ఎవరేశారో నీకు తెలుసు, నాకు తెలుసు, మా అక్కకి తెలుసు. ఈళ్లకి తెలవకపోయినా ఏం కాదు. అక్కకి బీపీ చానా ఉంది. ఇంట్లో కూరల్లోనైనా ఉప్పు తగ్గించేట్టు చూడు. ఆమేన్.”

అందరూ పకపకా నవ్వారు. నేను తప్ప. రెండేళ్లలో ఆమె ఎవరి దగ్గరా నా పేరెత్తలేదు. పైగా నా బీపీ గుర్తుంచుకుంది.

“ఉప్పు నేనే ఏశా” అన్నాను లేచి. “రెండుసార్లూ నేనే. అబద్ధం చెప్పా. నన్ను క్షమించవే.”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “ఈ ముక్క చెప్పడానికి రెండేళ్లా? బీయే ఎన్నేళ్లు చదివావక్కా?”

“మూడేళ్లు.”

“నయం, ఏడాది ముందే పాసయ్యావు” అని నా మెడ చుట్టూ చేతులు వేసింది. కళ్ల నీళ్లు ఎవరివో తెలియకుండా ఇద్దరి జాకెట్లూ తడిశాయి.

ఆదివారం సంఘం ముందు నిలబడి అదే మాట చెప్పాను. చాపమీద నా పక్కనే కూర్చుని ఆమె మళ్లీ “ఆమేన్” అంది, ఈసారి కాస్త మెల్లగా.

ఈ ఏడు కోత పండుగకు వంట మళ్లీ మాదే. “నువ్వెయ్యక్కా” అంటే “నువ్వే ఎయ్యవే” అని గుండిగ దగ్గర చాలాసేపు మర్యాదలు నడిచాయి. బంతిలో పాస్టరుగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు.

“అమ్మా, ఈసారి ఉప్పెవరేశారు?”

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. “తప్పు నాది” అంది ఆమె. “ఏం కాదు, నాదే” అన్నాను నేను. నాదంటే నాదని మేమిద్దరం అరుచుకుంటుంటే, ఉప్పు గిన్నె బంతి పొడవునా చేతులు మారుతూ పోయింది.