పలాస జట్టుకు ఇద్దరు బ్యాకులు

1954 ఫిబ్రవరిలో ఫుట్‌బాల్ పోటీలు ముగిశాయి. ఆ వారంలోనే పలాస జట్టులో గోలు ముందు కుడివైపు కాచే బ్యాకు గోవిందరావు రైల్వేలో ఉద్యోగం దొరికి వాల్తేరు వెళ్లిపోయాడు. ఎడమవైపు బ్యాకు ఢిల్లేశ్వరరావు ఒక్కడూ మిగిలాడు. అతనికి అప్పటికి ముప్పై ఏడేళ్లు.

ఆ జట్టు జీడిపప్పు వర్తకుడు పురుషోత్తం గారిది. పధ్నాలుగు మంది ఆటగాళ్లు. వానలు మొదలైనప్పటి నుంచి చలి తగ్గేదాకా బరంపురం, పర్లాకిమిడి, విజయనగరం తిరిగి షీల్డు పోటీలు ఆడేవారు. తక్కిన నెలల్లో ఆటగాళ్లంతా ఆయన గోదాములోనే బస్తాలు మోస్తూ, జీడిపిక్కలు ఎండబోస్తూ ఉండేవారు. జీతం మాత్రం ఏడాది పొడుగునా వచ్చేది. అందుకని ఆటలేని కాలంలో కూడా జట్టు చెదిరేది కాదు.

ఢిల్లేశ్వరరావుది నిమ్మాడ. వరి పండించుకునే ఇల్లు. పద్దెనిమిదో ఏట హరిశ్చంద్రపురంలో రైలెక్కి ఖరగ్‌పూర్ వెళ్లి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. సుత్తి పట్టడం, బంతి తన్నడం రెండూ అక్కడే నేర్చుకున్నాడు. పన్నెండేళ్లు అక్కడి జట్టులో బ్యాకుగా ఆడాక, ఒక మ్యాచిలో కుడి మోకాలు మెలిపడింది. వాపు తగ్గి మళ్లీ బంతి తన్నగలిగాడు గాని బరువు పనికి ఆ కాలు మరి ఆగలేదు. వెనక్కి వచ్చి పలాసలో పురుషోత్తం గారి గోదాములో కాటా దగ్గర కుదురుకున్నాడు. ఊళ్లో బంతి తన్నే కుర్రాళ్లను పోగుచేసి జట్టుగా నిలబెట్టింది అతనే. ఎత్తైన మనిషి, మాట తక్కువ. కాశీబుగ్గ నుంచి మ్యాచికి నడిచి వచ్చే జనంలో సగం మంది, గోలు ముందు నుంచి అతను తన్నిన బంతి ఎక్కడ పడుతుందో చూడడానికే వచ్చేవారు.

మార్చి మొదట్లో పురుషోత్తం గారు అతన్ని గోదాము అరుగు మీదికి పిలిచారు.

"వచ్చే సీజన్‌కి మన సంగతేటి ఢిల్లేసూ?"

ఢిల్లేశ్వరరావు ఒక్కొక్కరి గురించీ చెప్పాడు. గోలు కాచే గోలీకి ఢోకా లేదు. మధ్యలో ఆడే హాఫ్‌బ్యాకులు ముగ్గురూ ఉంటారు. ముందువరుస అయిదుగురిలో ఒకడు పెళ్లయ్యాక ఒళ్లు చేశాడు, రెండు నెలలు పరుగెత్తిస్తే దారికొస్తాడు.

"బేకులే నేరు బాబూ."

"ఒక బేకే గదా పోయాడు. కలకత్తా నుంచి ఒకణ్ణి రప్పిద్దాం."

"ఆల్లు మన ఎండకి ఆగరు. రెండు మ్యాచులాడి రైలెక్కేత్తారు. ఈ పక్క ఊళ్లలోనే ఇద్దరు కుర్రగుంటల్ని ఎతికి తయారు సేత్తాను. ఆగస్టు దాకా టయిమివ్వండి."

"ఇద్దరెందుకు? నువ్వున్నావు గదా."

"ఒకడికి దెబ్బ తగిల్తే ఇంకొకడుండాల గదా బాబూ" అన్నాడు ఢిల్లేశ్వరరావు.

అతను చెప్పిన కారణం అబద్ధం కాదు, కాని అసలు కారణం అది కాదు. మోకాలు అయిపోయింది. పక్కకు తిరిగితే కీలు జారినట్టయ్యేది. ఆ సంగతి అతని భార్య తులసికి తప్ప ఎవరికీ తెలియదు. తులసి అతని మేనత్త కూతురు. వేడి ఉప్పుమూటతో కాపడం పెడుతూ ఒకరోజు అడిగింది.

"పొద్దున్న లేచినప్పుడు గోడ పట్టుకుంతన్నావు బావా. సావుకారితో సెప్పవేటి?"

"సెప్తాను."

"ఎప్పుడు?"

"ఆ గుంటలు దొరకనీ ముందు."

మొదటివాడు ఏప్రిల్లో దొరికాడు. కవిటి వైపు ఒక ఊళ్లో చెడుగుడు పందెం చూస్తుంటే, మీదికొచ్చిన వాడి కాళ్లు చూడకుండా నడుము చూస్తూ నిలబడ్డ కుర్రవాడు ఒకడు కనిపించాడు. బంతిని ఆపేవాడు చూడాల్సిందీ అక్కడే. పేరు నీలాచలం, ఇరవై ఏళ్లు. కొబ్బరితోటల్లో పాదులు తవ్వే ఇల్లు. నలుగురన్నదమ్ముల్లో చిన్నవాడు. తండ్రి పెద్దగా ఆలోచించకుండా పంపాడు.

రెండోవాడి కోసం ఇంకో నెల తిరిగాడు. చివరికి బారువ ఒడ్డున, సముద్రంలోంచి పెద్ద వలను రెండు వరుసలుగా లాగుతున్న జనంలో కూర్మయ్యను చూశాడు. అల వెనక్కి గుంజినప్పుడల్లా ముందున్నవాళ్లు రెండడుగులు జారుతున్నారు. కూర్మయ్య జారడం లేదు. మడమలు ఇసుకలో దింపి, కొద్దిగా వెనక్కి వాలి, తాడు మళ్లీ వదులయ్యేదాకా అలాగే ఉంటున్నాడు. పంతొమ్మిదేళ్లవాడు. తండ్రి లేడు. తల్లి పైడమ్మ ఎండుచేపలు గంపకెత్తి సోంపేట సంతలో అమ్మేది.

"బంతి తన్నితే జీతమిత్తారా?" అని ఆమె రెండుసార్లు అడిగింది. "ఆణ్ణి మరి ఇంటికి పంపరా ఏటి? సేపలు పడే రోజుల్లో ఒల లాగడానికి మనిషి కావాల."

"పని తక్కువున్నప్పుడు పంపిత్తానమ్మా" అన్నాడు ఢిల్లేశ్వరరావు.

ఆ రోజుల్లో గోలీ ముందు ఇద్దరే బ్యాకులు. ఒకడు బంతి మీదికి వెళితే రెండోవాడు వెనక కాయాలి. ఇద్దరూ వెళ్లారో గోలే. వీళ్లిద్దరికీ బలం ఉంది, భయం లేదు, కాని బంతి కనిపిస్తే ఇద్దరూ దాని మీదికే ఉరికేవారు. పది రోజులు చెప్పి చూశాక ఢిల్లేశ్వరరావు కొబ్బరినార తాడు తెచ్చి, ఒక కొస నీలాచలం నడుముకి, రెండో కొస కూర్మయ్య నడుముకి కట్టాడు. మధ్య పన్నెండు గజాలు. ముందువరుస వాళ్ల చేత బంతి తెప్పించి వీళ్ల మీదికి తోలించాడు. ఇద్దరూ ఒకేసారి బంతి మీదికి ఉరికితే తాడు నేలమీద పడి కాళ్లకు చుట్టుకునేది. ఎడంగా పోతే బిగుసుకుని ఇద్దర్నీ వెనక్కి లాగేది. స్టేషను వెనక మైదానంలో కుర్రాళ్లు గుమిగూడి నవ్వేవారు. నెల తిరిగేసరికి తాడు కింద పడకుండా, బిగియకుండా ఇద్దరూ అటూ ఇటూ జరగడం వచ్చింది.

ఇంతలో బరంపురం షీల్డు కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఏడు నుంచి బూట్లు లేనివారిని మైదానంలోకి రానివ్వరు. అప్పటిదాకా పలాస జట్టులో ఎనిమిది మంది వట్టికాళ్లతోనే ఆడేవారు. పురుషోత్తం గారు టెక్కలిలో చెప్పులు కుట్టే అతనితో అందరికీ కొలతలు తీయించి బూట్లు కుట్టించారు. తక్కినవాళ్లు సణుక్కుంటూ అలవాటు చేసుకున్నారు. కూర్మయ్య పాదం మాత్రం ఏ బూటులోనూ పట్టలేదు. ఇసుకలో పెరిగిన కాలు, వేళ్లు విచ్చుకుని ఉండేవి. రెండుసార్లు విప్పి కుట్టినా మడమలు పుళ్లు పడ్డాయి. ఢిల్లేశ్వరరావు ఆ బూట్లు నీళ్లలో నానబెట్టి తొడిగించి, అవి కాళ్ల మీదే ఆరేదాకా గోదాములో బస్తాలు మోయించాడు.

జూన్ నెలాఖరుకి కమిటీకి పేర్లు పంపాలి. పురుషోత్తం గారు తనే చెప్పి గుమస్తా జనార్దనరావు చేత రాయించారు. కుడి బ్యాకు నీలాచలం, ఎడమ బ్యాకు ఢిల్లేశ్వరరావు. కూర్మయ్య పేరు అడుగున, అదనపు ఆటగాళ్లలో ఉంది. రాస్తున్నప్పుడు ఢిల్లేశ్వరరావు అక్కడే నిలబడి ఉన్నాడు. నోరు విప్పితే ఒక్క మాటతో అయిపోయేది. విప్పలేదు. తన పేరు అలా గట్టిగా చెబుతుంటే వినడం అతనికి బాగానే ఉంది. ఆ మాట చాలా ఏళ్ల తర్వాత తనే ఒప్పుకున్నాడు.

జాబితా నకలు గోదాము తలుపుకి అంటించారు. చదువురాని కూర్మయ్య తన పేరు ఎక్కడుందో చెప్పమని గుమస్తాని అడిగాడు. జనార్దనరావు వేలు పెట్టి చూపించాడు. మర్నాడు పొద్దున్న మైదానంలో కూర్మయ్య లేడు. అతని బూట్లు గోలుస్తంభం పక్కన ఉన్నాయి.

ఢిల్లేశ్వరరావు రెండు రోజులు చూసి మూడోనాడు బస్సెక్కి బారువ వెళ్లాడు. కూర్మయ్య పడవ నీడన కూర్చుని వల చిరుగులు కడుతున్నాడు. లేవలేదు గాని పక్కకు జరిగి చోటిచ్చాడు.

"కాళ్లు మానినాయా?"

"మానినాయి."

"బూట్లకే వచ్చేసినావా?"

"బూట్లకైతే ముందే వచ్చేద్దును. నువ్వే ఆడతావంట గదా. మరి నన్నెందుకు తెచ్చినావు? బస్తాలకా?"

ఢిల్లేశ్వరరావు పంచె మోకాలి పైకి తీశాడు. కీలు ఒక పక్కకు ఉబ్బి ఉంది.

"నాను ఆడను. ఈ కాలుతో ఆడనేను."

కూర్మయ్య ఆ కాలు చూశాడు. "సావుకారుకి ఎరికా?"

"తెల్దు."

"మరి నీ పేరు రాత్తుంటే ఎందుకూరుకున్నావు?"

ఢిల్లేశ్వరరావు పంచె కిందికి దించుకున్నాడు. అతని కన్నా పద్దెనిమిదేళ్లు చిన్నవాడు అడిగాడు, అడిగింది న్యాయం. పైడమ్మ వచ్చి ఇద్దరికీ గంజి పెట్టింది.

"ఇయ్యాల సావుకారికి సెప్తాను" అన్నాడు ఢిల్లేశ్వరరావు గంజి తాగాక. "పేరు మార్సినాక కబురెడతాను. అప్పుడొత్తే రా. నేకపోతే నేదు."

ఆ సాయంత్రమే పురుషోత్తం గారింటికి వెళ్లి నిలబడి చెప్పాడు. ఆయన విని వెంటనే నమ్మలేదు. కూర్చోమన్నారు. కూర్చుని మళ్లీ లేవమన్నారు. కుర్చీ చేతులు పట్టుకోకుండా ఢిల్లేశ్వరరావు లేవలేకపోయాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"పోయినేడు పర్లాకిమిడి మ్యాచి నుంచి."

"ఏడాది నా దగ్గర దాచావు." ఆయన గొంతు పెంచలేదు. "నిన్ను చూడ్డానికే జనం వస్తారు. బారువ జాలరి కుర్రాణ్ణి చూడ్డానికి ఎవరొస్తారు?"

"ఎవరూ రారు బాబూ. బంతి మాత్రం ఆణ్ణి దాటదు."

పురుషోత్తం గారు మర్నాడు కూర్మయ్యను ఎడమ బ్యాకుగా రాయించి కమిటీకి కొత్త జాబితా పంపించారు. ఢిల్లేశ్వరరావుని కాటా దగ్గరే ఉంచారు గాని బరంపురం వెళ్లేదాకా అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు. కూర్మయ్య కబురందిన నాలుగో రోజున వచ్చి బూట్లు అడిగి తీసుకున్నాడు.

ఆగస్టు ఆఖర్న బరంపురంలో మొదటి మ్యాచి కటకం జట్టుతో. తెల్లవారి నుంచి వాన. ఢిల్లేశ్వరరావు గీత బయట బల్ల మీద కూర్చున్నాడు. ఇరవై ఏళ్లలో తన జట్టు మ్యాచి బయట నుంచి చూడడం అతనికదే మొదలు. గోలీ అరుపులు, బంతి బురదలో పడ్డ చప్పుడు అన్నీ దూరంగా వినిపించాయి. మొదటి పావుగంటలో కూర్మయ్య రెండుసార్లు బంతి తప్పాడు. రెండోసారి గోలీ మీదపడి ఆపకపోతే గోలయ్యేది. ఢిల్లేశ్వరరావు లేచి అరవబోయి కూర్చున్నాడు. అప్పుడు నీలాచలం పది అడుగులు వెనక్కి వచ్చి కూర్మయ్యకి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో తర్వాత ఎంత అడిగినా ఇద్దరూ చెప్పలేదు. అక్కడి నుంచి కటకం వాళ్లు వచ్చిన ప్రతిసారీ ఒకడు ఎదురెళ్లాడు, ఒకడు వెనక కాచాడు. వట్టికాళ్లయితే ఆ బురదలో నిలవడం కష్టమే. కూర్మయ్య బూట్లతో జారకుండా నిలబడ్డాడు. పలాస ఒక గోలుతో గెలిచింది.

రెండో మ్యాచి ఓడిపోయారు. ఆట చివర్లో బంతి నీలాచలం చేతికి తగిలి పెనాల్టీ ఇచ్చారు. కావాలని ముట్టుకోలేదని నీలాచలం రిఫరీతో ఎంతసేపు చెప్పినా లాభం లేకపోయింది. పలాస స్టేషన్లో దిగాక పురుషోత్తం గారు ఢిల్లేశ్వరరావు పక్కన నడుస్తూ, "ఆ బారువవాడు బాగున్నాడు" అన్నారు. ఆయన అతనితో మామూలుగా మాట్లాడడం ఆ రోజు నుంచి మళ్లీ మొదలైంది.

కూర్మయ్య మూడేళ్లు ఆడాడు. చేపలు పడే రోజుల్లో తల్లి దగ్గరికి వెళ్లి, మ్యాచికి ముందు వచ్చేవాడు. నాలుగో ఏడు పెళ్లి చేసుకుని బారువలోనే ఉండిపోయాడు. రమ్మని ఢిల్లేశ్వరరావు కబురు పంపలేదు. నీలాచలాన్ని మాత్రం రెండో ఏడే ఖరగ్‌పూర్ జట్టు వాళ్లు ఉద్యోగమిచ్చి తీసుకుపోయారు. ఆ తర్వాత ప్రతి ఎండాకాలం ఢిల్లేశ్వరరావు కొత్తవాళ్లను వెతికి తెచ్చేవాడు. కొందరు నిలిచారు, కొందరు నెల తిరక్కుండా ఇంటికి పోయారు. 1958లో పురుషోత్తం గారు వయసు మీదపడి వ్యాపారం తగ్గించుకున్నప్పుడు జట్టు కూడా ఆగిపోయింది. ఢిల్లేశ్వరరావు కాటా దగ్గరే మిగిలాడు.

ఆ చలికాలం నీలాచలం రైలు పాసు పంపిస్తే తులసిని తీసుకుని ఖరగ్‌పూర్ వెళ్లాడు. తను ఆడిన మైదానంలోనే నీలాచలం ఆడడం, మధ్యలో రిఫరీతో వాదించడం చూశాడు. మ్యాచి అయ్యాక నీలాచలం సబ్బు వాసనతో, ఇస్త్రీ చొక్కాతో వచ్చి ఇద్దరి కాళ్లకూ దండం పెట్టాడు.

"ఎలగాడినాను మావా?"

"బాగానే ఆడినావు" అన్నాడు ఢిల్లేశ్వరరావు. "రిఫరీతో మాటలు తగ్గించు. నువ్వు ఆయనతో మాటాడతన్నంతసేపు నీ ఎనక కాసీవోడు ఎవుడూ నేడు."

నీలాచలం నవ్వి తలూపాడు. తులసి సంచీలోంచి అతని తల్లి పంపిన కొబ్బరికాయలు తీసి ఇచ్చింది.