జోగయ్య రూపాయి బిళ్ళ

మనిషిని తూకం వేయకుండా పనితనం తెలియదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర మేం కడుతున్న అపార్ట్‌మెంట్లో ఇంజినీరు దద్దమ్మ, వాచ్‌మన్ చాడీకోరు, మిగిలినవాళ్ళు సోమరిపోతులు. అందరికీ తీర్పులు చెప్పేశాను. సొంతంగా ఇన్ని పుస్తకాలు చదువుకున్నవాడి చేత టైల్సు మోయిస్తున్నారన్న మంట ఒకటి.

జోగయ్యకు మాత్రం ఏ తీర్పూ అతకలేదు. కదిరి నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా బెంగళూరు గోడలకు టైల్సు అంటిస్తున్న మేస్త్రి. చెవి మీద బీడీ, జేబులో అరిగిన రూపాయి బిళ్ళ. అంటించిన ప్రతి టైలునూ మర్నాడు ఆ బిళ్ళతో కొట్టి వింటాడు. గట్టి మోతయితే ముందుకు కదులుతాడు. డొల్ల మోతయితే సుద్దముక్కతో సున్నా చుడతాడు. ఎవరు అంటించారని అడగడు.

"అడక్కపోతే మంచి పనోడెవడో ఎట్లా తెలుస్తుంది?" అన్నాను ఒకసారి.

"టైలు చెప్తాదప్పా. మనిషిని కొడితే ఏం మోతొస్తాది, ఏడుపు తప్ప?"

ఆ వారం ఓంకార్ కొత్తగా వచ్చాడు. ఒక బాత్‌రూమ్ గోడ చేసి చూపించాలి. నచ్చితే ఉంటాడు, లేకుంటే ఊరి బస్సే. చేయి నిదానం. 'నత్త' అని పేరు పెట్టింది నేనే.

గోడ పూర్తయిన మర్నాడు ఇంజినీరు దామోదర్ ముందు జోగయ్య బిళ్ళ తీశాడు. కింది వరుసలన్నీ టంగుటంగుమన్నాయి. పై వరుసలో ఆరు డొల్ల. ఆరు సున్నాలు.

"నేను చెప్పలా, నత్తని!" అన్నాను.

"సరే, పంపించేద్దాం" అన్నాడు దామోదర్.

ఓంకార్ అప్పటికే తాపీ కడుక్కుంటున్నాడు.

"ఉండండి సార్. ఆరు టైల్సు డొల్ల అన్నా గానీ, మనిషి డొల్ల అన్లేదే." జోగయ్య ఒకటి ఊడబెరికాడు. వెనక సిమెంటు పొడిపొడిగా రాలింది. "ఇవి నీళ్ళు తాగలేదు సార్."

అంటించేముందు టైల్సును డ్రమ్ములో నానబెట్టాలి. లేకపోతే సిమెంటులో తడినంతా అవే పీల్చేస్తాయి. నానబెట్టే పని నాది. ముందురోజు సాయంత్రం నేను చదువుతున్న పుస్తకం మంచి పట్టులో ఉంది. చివరి పెట్టె అలాగే ఇచ్చేశాను.

జోగయ్య నా వైపు చూడలేదు. ఎవరని అడగలేదు. అడిగుంటే అబద్ధమాడేవాణ్ణే.

"నేనే నానబెట్టలేదు సార్" అన్నాను.

దామోదర్ నోరు తెరిచేలోపు జోగయ్య నా నెత్తి మీద బిళ్ళతో టక్కున కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు.

"గట్టిగానే ఉండాది సార్."

దామోదర్‌కు నవ్వాగలేదు. "ఆ ఆరూ మళ్ళీ అంటించు" అన్నాడు ఓంకార్‌తో. "రేపట్నుంచి పక్క గోడ కూడా నీదే."

ఓంకార్ తాపీ తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"నత్తకు ఆరు టైల్సు పట్రా అన్నా. ఈసారి నీళ్ళు తాపి."

తల రుద్దుకుంటూ డ్రమ్ము నింపడానికి వెళ్ళాను.