నోట్లో పరాయి పళ్ళు, గిన్నెలో పచ్చిపులుసు

సౌదీలోని జిజాన్‌కు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నా నోట్లో నా పళ్ళే కాక పరాయి పళ్ళు కూడా కాపురముండేవి. దంతాల కాలేజీ ల్యాబులో హెల్పర్‌ని. పులుపు తగిలితే పంటిమీది ఎనామిల్ ఎంత కరుగుతుందో కొలవడం మా డాక్టరు సారు పని. పీకేసిన పళ్ళను శుద్ధి చేసి, చిన్న ముక్కలు కోసి, అంగిట్లో ఇమిడే, పక్కన తీగలున్న ప్లాస్టిక్ ప్లేటుకు అతికించి నాకు తొడిగారు. (ఎవరి పళ్ళు సార్ అంటే, "నీకెందుకు, కిరాయి అడుగరు తియ్" అన్నారు.) పూటపూటా దాన్ని తీసి నిమ్మరసంలో ముంచి మళ్ళీ పెట్టుకోవాలి. తిండి దగ్గర మాత్రం తీసి డబ్బాలో పెట్టాలి. ఇది సరిగ్గా చేస్తేనే నా ఇఖామా (అక్కడ ఉండనిచ్చే సర్కారు కార్డు) కాగితం మీద సారు సంతకం. లేదంటే ఎగ్జిట్ కొట్టించుకుని కరీంనగర్ పోవడమే.

శుక్రవారం మా గదిలో జగిత్యాల మామ (మేస్త్రీ, వంటలో మాకందరికీ గురువు) పచ్చిపులుసు పిసికాడు. ఒక్కటే గిన్నె, చుట్టూ ఆరుగురం. మధ్యలో లేచినవాడికి మిగిలేది ఉల్లిగడ్డ ముక్కలే. "నోట్లది తీసి పెట్టి రారాదురా" అన్నాడు మామ. "రెండు బుక్కలు తిని తీస్తా మామా" అన్నాను. ఆ రెండు బుక్కలు గిన్నె అడుగు కనబడేదాకా సాగాయి.

ఆదివారం సారు ప్లేటును అరుగుదల కొలిచే సూది మిషన్ కింద పెట్టబోతూ ఆగి, తీగ సందులోంచి చిన్న పట్టకారుతో నల్లటిదేదో లాగారు.

"గిదేంది?"

"దుమ్ము సార్."

ఆయనదేమో హనుమకొండ. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "ఆవగింజ. పచ్చిపులుసు తిన్నవా?"

నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"కొలతలన్నీ ఖరాబు చేసినవ్. మళ్ళ మొదటికెల్లి చెయ్యాలె. అయిపోయేదాక చింతపండు ముట్టినవో, సంతకం లేదు" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మీ రూం ఎక్కడ?" అన్నారు.

ఆ తర్వాతి శుక్రవారం సారు మా గదిలో మఠం వేసుకుని మూడుసార్లు పులుసు పోయించుకున్నారు. నాకు పెరుగన్నం. అయినా ఆ మనిషి మీద నాకు కోపం రాలేదు, నిజం చెప్పొద్దూ, ప్రేమే పుట్టింది.

కొత్త ప్లేటుతో పని పూర్తి కాకముందే సంతకం పడింది, ఇఖామా వచ్చింది. కార్డు మీది ఫోటోలో పెదాలు బిగించి, కళ్ళు పెద్దవి చేసుకుని ఉన్నాను. ప్లేటు జారి కెమెరా ముందు పడుతుందేమోనని భయం. ఇంత పిరికివాడివి, ఆ గిన్నె ముందు అంత ధైర్యం ఎక్కడిదిరా నీకు అని, ఆ కుర్రాణ్ణి ఇప్పటికీ అడుగుతుంటాను.