ఏడేడ వెతికినవో చెప్పు

పోయిన నెల ఒక మంగళవారం, కోదాడలో క్లాసుకు వెళ్ళబోతుంటే సూర్యాపేట నుంచి ఫోన్ వచ్చింది. మా లైబ్రేరియన్ సారు పోయారు. చాక్‌పీస్ చేతిలో అలాగే పట్టుకుని వరండాలో నిలబడిపోయాను. పిల్లలు చూసి చూసి వెళ్ళిపోయారు.

సూర్యాపేటలో నేను చదివిన కాలేజీలో ఆయన లైబ్రేరియన్. బాటనీ వాళ్ళకూ, చరిత్ర వాళ్ళకూ, ఇంజనీరింగ్ వాళ్ళకూ కావలసిన పరిశోధనా పత్రాలు ఆయనే వెతికి పెట్టేవారు. లైబ్రరీలోకి ఎవరైనా టీ తెస్తే ఊరుకునేవారు కాదు. తను మాత్రం ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి గడప మీదే తాగేవారు. అదేంటని అడిగితే, "గిలాస బయటనే ఉంది కద" అనేవారు.

మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో పనిచేసి మా అమ్మ దగ్గు తెచ్చుకుంది. ఊక దుమ్ము మీద ఎవరైనా పరిశోధన చేశారేమోనని మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్ళాను. రెండు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని, "దొరకలే సార్" అన్నాను.

"దొరకలేదు అనకు బిడ్డా. ఏడేడ వెతికినవో చెప్పు."

చెప్పాను. అన్నీ డాక్టర్ల పత్రికలే. ఆయన నవ్వారు.

"ఊక ఒక్కటే. వ్యవసాయపోళ్ళు దాన్ని ఎరువంటరు, సిమెంటోళ్ళు సరుకంటరు, దవాఖానోళ్ళు రోగమంటరు. ఒక్క ఇంటి తలుపు కొట్టి ఊర్ల ఎవ్వరు లేరంటే ఎట్ల?"

మర్నాడు ఇంజనీర్లు రాసిన ఒక పత్రంలో, ఒక మూలన, మిల్లు కూలీల దగ్గు గురించి రెండు పేరాలు దొరికాయి. ఆ పత్రం చివర ఉన్న ఆధార రచనల జాబితా పట్టుకుని వెనక్కి వెనక్కి పోవడం ఆయనే నేర్పారు. నా పీహెచ్‌డీ ఆ రెండు పేరాల్లోంచే వచ్చింది, ఈ ఉద్యోగం కూడా.

వెతికిన ప్రతిదానికీ ఆయన ఒక చీటీ రాసేవారు. పైన ప్రశ్న, కింద వెతికిన చోట్లు. దొరకనివాటికీ రాసేవారు. "ఎనక వచ్చేటోళ్ళకు తిప్పలు తప్పుతయ్" అనేవారు.

నిరుడు ఆయనకు నోరు తిరగని పేరున్న జబ్బు చేసింది. "జర చూడు బిడ్డా, మందేమన్న వచ్చిందేమో" అని నన్నే అడిగారు. ఆయన నేర్పినట్టే అన్ని ఇళ్ళ తలుపులూ కొట్టాను. దొరికింది. ఆ దశలో ఏ మందూ పనిచేయలేదని స్పష్టంగా రాసి ఉంది. రెండుసార్లు చదివి ఫైలు మూసేశాను.

సూర్యాపేట వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. "ఏం దొరకలే సార్" అన్నాను.

ఎక్కడ వెతికావని అడుగుతారేమోనని భయపడ్డాను. ఆయన కాసేపు నా ముఖంలోకి చూశారు. "సరే బిడ్డా. బస్సు టైం అయితది, అన్నం తిని పో" అన్నారు. గండం గడిచిందనుకున్నాను. నా తెలివి అంత.

దినాల నాడు వాళ్ళావిడ ఆయన చీటీల కట్ట నా చేతిలో పెట్టారు. పై చీటీ మీద ఆయన జబ్బు పేరు. కింద ఆయన వెతికిన చోట్లు. నాలుగో వరుసలో, నేను మూసేసిన పత్రం పేరు. తేదీ నేను వెళ్ళడానికి ముందుది. అట్టడుగున వంకర అక్షరాలతో ఒక మాట ఉంది.

"బిడ్డను ఏడ వెతికినవని అడగొద్దు."

అందరి ముందూ ఏడ్చాను. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

ఆ చీటీ వెనకవైపు ఖాళీగా ఉంది. నిన్న సాయంత్రం దాన్ని తిప్పి ముందు పెట్టుకున్నాను. 'సార్, ఈడ వెతికిన' అని పైన రాసి, ఒక్కో చోటు పేరూ ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోయాను.