జీడితోట మలుపులో ఆవపిండి రంగు చీర

దయ్యాలన్నా, గాలీ ధూళీ అన్నా నాకు ఏనాడూ నమ్మకం లేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకి సోషల్ చెప్పినదాన్ని. ఎవరేం చెప్పినా ఆధారం ఏమిటని అడగడం అలవాటు. ఇంట్లో ఎవరైనా దిష్టి తీస్తామంటే, ఆ ఎండుమిరపకాయలు ఉంచండి, పచ్చట్లోకి పనికొస్తాయి అనేదాన్ని. ఇప్పుడు రాస్తున్నది ఎవర్నీ నమ్మించడానికి కాదు. జరిగింది జరిగినట్టు రాయాలంటే నా బుద్ధి గురించి కూడా రాయాలి. కష్టమంతా అక్కడే ఉంది.

మాది ఏలూరు. మా నాన్నగారు కామవరపుకోటలో బడిపంతులుగా చేసిన రోజుల్లో గుంటుపల్లి కొండ మీది బౌద్ధ గుహలే మాకు ఆదివారం షికారు. నేను రిటైరయ్యాక ఏలూరు, తాడేపల్లిగూడెం నుంచి చరిత్ర మీద సరదా ఉన్నవాళ్ళని పోగేసి నెలకోసారి అక్కడికి తీసుకెళ్ళేదాన్ని. గుండ్రటి గుహలో నిలబెట్టి, పైకప్పు రాతిని చెక్క వాసాల్లా ఎలా మలిచారో చూపిస్తే అందరూ తలలెత్తి చూసేవాళ్ళు. తర్వాత నా వంక చూసేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ రెండోదే ఎక్కువ ఇష్టం.

ఆ గుంపులోకి వనజ వచ్చింది. ఎదురుగా వనజగారూ అంటాను గానీ లోపల వనజే. వాళ్ళాయనకి కొల్లేరు పక్కన చేపల చెరువులున్నాయి. నా ఈడుదే, కానీ చకచకా నడుస్తుంది. నాకేమో మోకాళ్ళ నొప్పులు. పోయిన వేసవిలో స్పెయిన్ వెళ్ళి, అక్కడ పల్లెటూళ్ళ మధ్య కొండదారుల్లో పన్నెండు రోజులు నడిచొచ్చింది. పాత కోటలట, రాతి వంతెనలట, పాడుబడ్డ చర్చిలట. దారి పొడవునా రాళ్ళ మీద రంగు గుర్తులుంటాయట, ఎవర్నీ అడగక్కర్లేదట. వచ్చిన దగ్గర్నుంచీ ఇదే గోల. మా వాళ్ళు గుహలు మానేసి ఆవిడ ఫోన్లో ఫొటోలు చూడటం మొదలుపెట్టారు.

"మన గుంటుపల్లికీ అలాంటి నడకదారి పెడదామండీ సరోజగారూ! దారి మీరు చూపించండి, రంగు నేను వేయిస్తాను," అంది ఒకరోజు అందరి ముందూ.

కొండ వెనక నుంచి జీడిమామిడి తోటల్లోంచి గుహల దాకా ఒక కాలిబాట ఉంది. నాన్నగారు నా చెయ్యి పట్టుకుని నడిపించిన బాట. నలుగురిలో అడిగేసరికి కాదనలేక చూపించాను. ఒక్కటి మాత్రం చూపించలేదు. బాట రెండుగా చీలే మలుపు దగ్గర, పొదల వెనక బండ మీద అరచెయ్యంత రాతి పువ్వు చెక్కి ఉంటుంది. ఎనిమిది రేకులు, వాటిలో రెండింటికి గీతలు మాత్రమే గీసి వదిలేశారు. పదేళ్ళప్పుడు నాన్నగారు చూపించారు. అది మా ఇద్దరిదీ. మావారికి కూడా చెప్పలేదు.

వనజ దారి పొడవునా రాళ్ళకి రంగు వేయించింది. పసుపు బాణం, దాని మొదట్లో ఎర్ర చుక్క. దూరానికి కనబడాలని ఆ రంగులు. స్పెయిన్‌లో ఏమో గానీ, మన వైపు రాతికి పసుపు పూసి ఎర్రబొట్టు పెడితే ఏమవుతుందో ఆవిడకి తట్టలేదు. నాకు తట్టింది. చెప్పలేదు.

రెండు వారాలు తిరక్కుండానే మలుపు దగ్గరి రాతికి పూజ మొదలైంది. బంతిపూలు, కొబ్బరి చిప్ప, కాలిన అగరొత్తి పుల్లలు. తోటకి కాపలా ఉండే మంగమ్మ రోజూ దండం పెట్టుకునేది. అందరూ వనజని చూసి నవ్వుతారని ఎంత సంబరపడ్డానో! నవ్వడం మాట అటుంచి, ఎంత బాగుందో అంటూ ఎగబడి ఫొటోలు తీసుకున్నారు. పైగా ఆ బాటకి "వనజగారి దారి" అని పేరు పెట్టేశారు. నాన్నగారు నడిచిన దారికి వనజ పేరా! ఆ వారం నాకు అన్నం సహించలేదు.

కార్తీకమాసంలో ఒక ఆదివారం నాడు మొదటి నడక, పైన వనభోజనం అనుకున్నారు. వనజతో కలిపి పద్నాలుగు మంది బాటలో వస్తారు. నేనూ మావారూ భోజనాలతో ఆటోలో వెళ్ళి, ముందువైపు మెట్లెక్కి గుహల దగ్గర ఉండాలి. మోకాళ్ళ నొప్పి కదా, ఆ పని నాకు అప్పగించారు. వంటమనిషిని చేసేశారు.

ముందురోజు శనివారం మధ్యాహ్నం ఏదో వంక చెప్పి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆవపిండి రంగు నేతచీర కట్టుకున్నాను. మలుపు దగ్గరికి చేరడానికి గంటన్నర పట్టింది. అక్కడ కుడివైపు బాట గుహలకి వెళ్తుంది, ఎడమది పామాయిల్ తోటల్లోకి. రాయి రుబ్బురోలంత ఉంటుంది, కింద చదును బండ. పూలు తీసి పక్కన పెట్టాను. రెండు చేతులతో తోస్తే రాయి గిర్రున తిరిగి బాణం ఎడమవైపుకి మళ్ళింది. పూలు మళ్ళీ పెట్టేశాను. అందర్నీ గంటసేపు తోటల్లో తిప్పి తలదించుకుని రావాలి వనజ. నాకు కావలసింది అంతే. నాలుగింటికల్లా బయల్దేరి ఏడున్నరకి ఇల్లు చేరాను. చీర బకెట్లో నానేశాను.

ఆదివారం నీలం చీర కట్టుకున్నాను. మోకాలు వాచిపోయి, మావారి భుజం పట్టుకుని మెట్లెక్కాను. ఎనిమిదిన్నర నుంచి గుహ ముందే కూర్చున్నాను. ఇది ముఖ్యం కాబట్టి మళ్ళీ రాస్తున్నాను: కదల్లేదు. మావారు పక్కనే ఉన్నారు. ఆటో అబ్బాయి పులిహోర గిన్నెలు దింపి అక్కడే కూర్చున్నాడు.

తొమ్మిదిన్నరకి వాళ్ళు రావాలి. తొమ్మిదిన్నర దాటింది. మొదట లోపల్లోపల చక్కిలిగింతలు పెట్టినట్టుంది. పదింటికి ఉన్నట్టుండి గుర్తొచ్చింది. ఆ ఎడమ బాటలో పాత కంకర క్వారీ గుంట ఉంది. వానాకాలం నీళ్ళతో నిండి, అంచున గడ్డి ఏపుగా పెరిగి, దగ్గరికెళ్ళేదాకా గుంట అని తెలీదు. ఆ గుంపులో డెబ్భై దాటిన పెద్దావిడ కూడా ఉంది. ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు. మావారికి చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. చెబితే ఎలా తెలుసని అడుగుతారు కదా. ఇంతకంటే సిగ్గుమాలిన పని నా జన్మలో చెయ్యలేదు.

పది దాటి పది నిమిషాలకి మాటలు వినబడ్డాయి. కుడి బాటలోంచి, నవ్వుకుంటూ, పద్నాలుగు మందీ వచ్చారు.

వనజ తిన్నగా వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "ఎంత మంచివారండీ మీరు! ఈ మోకాళ్ళతో అంత దూరం వచ్చి నిలబడ్డారా మాకోసం? మాకంటే ముందే ఎలా వచ్చేశారు? చీర ఎప్పుడు మార్చుకున్నారు?"

మావారే అన్నారు, "ఈవిడ పొద్దుట్నుంచీ ఇక్కడే ఉందండీ."

వనజ నవ్వేసింది. "మీరు మరీనండీ! ఆవపిండి రంగు చీరలో మలుపు దగ్గర నిలబడి, ఇటు కాదు అటు అని చెయ్యి చూపించారు కదా. ఫొటో దిగమంటే వద్దని నవ్వారు. అందుకే ఆలస్యం, ఆ పువ్వు దగ్గర అందరం ఆగిపోయాం."

ఏ పువ్వని అడిగాను. ఫోన్ తీసి చూపించింది. ఎనిమిది రేకులు, రెండింటికి గీతలు మాత్రమే. "మీరే కదండీ పొదలు పక్కకి తీసి చూపించారు!" ఫొటో మూలకి రంగు గుడ్డ అంచు లాంటిది పడింది. ఎండుగడ్డి అయ్యుంటుందని మావారు ఇప్పటికీ అంటారు. అయ్యుండొచ్చు.

భోజనాలయ్యాక, తిరుగు ప్రయాణంలో నేనూ ఆ బాటలోనే వస్తానని పట్టుబట్టాను. వనజ దారంతా నా చెయ్యి వదల్లేదు. మలుపు దగ్గర రాయి నేను తిప్పినట్టే ఉంది, బాణం ఎడమవైపే. వనజ చూసి గుండెల మీద చెయ్యేసుకుంది. "అయ్యబాబోయ్, ఎవరో తిప్పేశారు! పొద్దున మిమ్మల్నే చూశాం గానీ దీన్ని చూడలేదు. ఇది చూసేనాండీ మీరొచ్చి నిలబడ్డారు?" అప్పుడైనా చెప్పాల్సింది. తలూపాను.

వాళ్ళంతా రాయిని సరిచేస్తుంటే మంగమ్మ నన్ను పక్కకి పిలిచింది. "నిన్న మీరు రాయి తిప్పడం చూశానండి అమ్మగారూ. వెళ్ళిపోయారనుకున్నానండి. చీకటి పడ్డాక చూస్తే ఇక్కడే కూర్చునున్నారు. ఇంటికెళ్ళరా అంటే పలకలేదు. పొద్దున్నే వస్తే ఇంకా ఇక్కడే ఉన్నారండి."

"నేను నాలుగింటికే వెళ్ళిపోయాను మంగమ్మా," అన్నాను.

"ఆయ్, ఒకరు వెళ్ళారండి, చూశాను," అంది.

ఇంటికొచ్చాక బకెట్ చూశాను. చీర నానేసింది నానేసినట్టే ఉంది. పద్నాలుగు మందికీ ఒకేసారి కళ్ళు భ్రమించాయా? మంగమ్మకి కూడానా? ఇంకెవరైనా ఆడమనిషి నిలబడిందా? పోనీ అదే అనుకుంటే, ఆ పువ్వు సంగతి ఆమెకెలా తెలుసు?

దారి పేరు మార్చారు. వనజే మార్పించింది, "సరోజగారి దారి" అని. రాతి పువ్వు దగ్గర ఇప్పుడు అందరూ ఫొటోలు దిగుతారు. నేను ఇన్నాళ్ళూ దేనికోసం కుళ్ళుకున్నానో అదంతా నా ఒళ్ళో వచ్చి పడింది. వనజ మీద కుళ్ళు ఎటు పోయిందో తెలీదు. ఆవిడ మంచి మనిషి, రాస్తుంటేనే తెలుస్తోంది. రాయి తిప్పింది నేనేనని ఇంకా ఆవిడకి చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

మొన్న అంది, "ఆ చీర మళ్ళీ కట్టుకోండి సరోజగారూ. ఆ రోజు మలుపు దగ్గర మీ మొహం ఎంత చల్లగా ఉందో, ఇప్పటికీ మర్చిపోలేను."

ఇంటికెళ్ళి ఆ చీర కట్టుకుని అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. నేను దాచుకున్నది అడక్కుండానే అందరికీ ఇచ్చేసిన మనిషి మొహం ఎలా ఉంటుందో చూద్దామని. నేనే కనబడ్డాను. ఆ మొహం చూసినవాళ్ళు పద్నాలుగు మంది, మంగమ్మతో కలిపి పదిహేను మంది. వాళ్ళందరి మీదా నాకు అసూయగా ఉంది.