రంగు చూసి చైన్లు కాల్చిన మేస్త్రి

మా ఫర్నేసు మేస్త్రి చనిపోయిన సంగతి నాకు చాయ్ హోటల్లో తెలిసింది. పక్క బల్ల మీద కూర్చున్న ఒకడు, "మీ చైన్ల మేస్త్రి పోయిండట గద తాతా" అన్నాడు. "ఎవడు చెప్పిండు నీకు?" అని కసిరాను. గోదావరిఖని వర్క్‌షాపులో ఒకే ఫర్నేసు ముందు నిలబడి ముసలివాళ్ళమైన మనుషులం మేస్త్రీ, నేనూ. ఆ కబురు నాకు ఎవడో ముక్కు మొహం తెలియనివాడి నోట రావడం నచ్చలేదు. ఆ కోపంతోనే ఆయన ఇంటికి పోయాను. కొడుకు వాకిట్లో చెప్పులు కూడా లేకుండా నిలబడి ఉన్నాడు. "ఫోన్ చేద్దామనుకున్న కాకా. నీ నంబరు నాయినకు నోటికొచ్చు. నా ఫోన్ల లేకుండె" అన్నాడు. లోపలికి పోయి మేస్త్రి భార్య, మా వదిన దగ్గర కూర్చున్నాను.

ఆయన గురించి చదువుకున్నవాళ్ళు రాస్తే నాకంటే అందంగా రాస్తారు. నేను అక్షరాలు కూడబలుక్కునేవాణ్ణి. కానీ వాళ్ళకు ఆ పని తెలియదు, నాకు తెలుసు. అందుకే నేనే రాస్తున్నాను.

బొగ్గు బాయిలోకి మనుషులను దించే ఇనుప బోనును కేజ్ అంటాం. దాన్ని పైనున్న తాడుకు వేలాడదీసేవి చైన్లు, కొక్కేలు. బరువు మోసీ మోసీ, కుదుపులు తినీ తినీ ఆ ఇనుము ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. తెలియనివాడు అది మంచిదే అనుకుంటాడు. మా మేస్త్రి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు: "ముసలి ఇనుము గట్టిగుంటది, వంగదు. అందుకే పుటుక్కున తెగుతది." కాబట్టి కొన్నాళ్ళకోసారి ఆ చైన్లను విప్పి, ఫర్నేసులో పెట్టి, సరైన ఎరుపు వచ్చేదాకా కాల్చి, తలుపు మూసి, వాటంతట అవే చల్లారేదాకా వదిలేయాలి. అప్పుడు ఇనుముకు వంగే గుణం తిరిగి వస్తుంది. కాలింది తక్కువైతే పాత గట్టితనం పోదు. ఎక్కువైతే ఇనుము లోపలి రవ్వ, మేం గింజ అంటాం, లావెక్కి పెళుసవుతుంది. పైకి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. బరువు కట్టి లాగి చూసినా ఆగుతాయి. గట్టి కుదుపు వచ్చిన రోజే అసలు సంగతి బయటపడుతుంది.

ఆ సరైన ఎరుపును ఆయన దానిమ్మ గింజ రంగు అనేవాడు. ఎండ పడితే రంగు తప్పుగా కనబడుతుందని ఫర్నేసు గది కిటికీలకు గోనె సంచులు కట్టించాడు. వేరే లోహాలు కలిపిన కొత్త ఉక్కు కొక్కేలు వచ్చినప్పుడు నేను వాటిని పాత ఇనుముతో కలిపి లోపలికి తోయబోయాను. "గది ఏం తిని పెరిగిందో తెలువకుంట పొయ్యిల పెడ్తవార?" అని నా మీద విరుచుకుపడ్డాడు. ఆ వర్క్‌షాపులో నా మీద అరిచి నా చేత తిరుగు మాట పడనివాడు ఆయన ఒక్కడే. తర్వాత ఇంజనీరు సారును అడిగి, ఆ ఉక్కుకు ఇవ్వాల్సిన వేడి వేరుగా ఇచ్చాడు.

ఇంట్లోనూ అదే తీరు. వదిన కాలిన పెనం మీద నీళ్ళు చల్లబోతే ఎగిరిపడేవాడు. "ఆగాగు, గట్ల చల్లితే పగుల్తది!" "ఇది నీ ఫర్నేసు గాదు, నా పొయ్యి. రొట్టె గావాల్నా, వద్దా?" అనేది వదిన. అక్కడ మాత్రం నోరు మూసుకునేవాడు.

మా ఇంజనీరు సారు కోస్తా నుంచి వచ్చినవాడు, మర్యాద తెలిసిన మనిషి. వేడిని అంకెల్లో చూపించే మీటరు పెట్టిద్దామని చాలాసార్లు అన్నాడు. మేస్త్రి నవ్వేవాడు. "గా డబ్బకు జరమొస్తే ఎవలు సూస్తరు సారూ?" సారు కూడా నవ్వి ఊరుకునేవాడు.

తర్వాత మేస్త్రి కళ్ళకు పొర వచ్చింది. నిప్పు ముందు ఏళ్ళ తరబడి నిలబడేవాళ్ళకు అది వస్తుంది. ఎదురుగా వచ్చేది బస్సో లారీయో పోల్చుకోలేకపోయేవాడు. మెట్లు దిగేటప్పుడు కాలితో తడుముకునేవాడు. ఆ రోజుల్లో మా దిక్కు ఏ ఇంట్లో విన్నా ఒకటే మాట: రిటైరు కాకముందే డాక్టర్లు తండ్రిని అన్‌ఫిట్ చేస్తే కొడుకుకు కంపెనీ కొలువు వస్తుంది, లేకపోతే కాంట్రాక్టు కూలే గతి. మంచిగున్నవాళ్ళు కూడా అన్‌ఫిట్ కోసం తిరిగేవాళ్ళు. మా మేస్త్రికి నిజంగానే కళ్ళు బాగాలేవు. ఆయన కొడుకు పదో తరగతి పాసై ఆ ఒక్క ఆశ మీదే ఉన్నాడు.

కొత్తగూడెంలో మెడికల్ బోర్డుకు ముగ్గురం కలిసి పోయాం. బస్సులో కొడుకు తండ్రికి పాఠం చెప్పాడు.

"ఏది సూపెట్టినా కనబడ్తలేదను నాయినా. గంతే."

"నిజంగనే సరిగ కనబడ్తలేదు గద రా. గిండ్ల నేర్సుకునేటిదేమున్నది?"

"అక్షరాలు సదువుమంటరు."

"అవి కండ్లు మంచిగున్నప్పుడు గూడ రాలే."

ముగ్గురం పక్కసీట్లవాళ్ళు తిరిగి చూసేట్టు నవ్వాం. తండ్రీకొడుకులు కలిసి నవ్వగా నేను చూసింది అదే ఆఖరు.

చెయ్యి పట్టుకొని నడిపించాలి కనుక నన్ను గదిలోకి రానిచ్చారు. కొడుకు బయట కూర్చున్నాడు. డాక్టరు కళ్ళలోకి లైటు వేసి చూసి, పొర బాగా ముదిరిందనీ, ఆపరేషన్ చేసినా నిప్పు ముందు పని కుదరకపోవచ్చనీ పక్కనున్న డాక్టరుతో అన్నాడు. మా పని అయినట్టే అనుకున్నాను. కాగితం మీద రాసుకుంటూ ఆయన మామూలుగా అడిగాడు.

"ఏం పని చేస్తావు పెద్దాయనా?"

"కేజ్ చైన్లు కాలుస్త సారూ."

"కాలిందని ఎట్లా తెలుస్తుంది?"

"రంగు సూసి."

"ఇప్పుడు ఆ రంగు కనబడటం లేదు, అంతేనా?"

ఒక్క 'అవును' చాలు. మేస్త్రి అనలేదు. ఎదురు ప్రశ్న వేశాడు. "సారూ, ఎప్పటి సంది కనబడ్తలేదని రాస్తరు?"

"నువ్వే చెప్పాలి. ఏడాది అవుతుందా?"

"ఏడాది సంది నేను కాల్చిన చైన్ల కింద రోజు మనుషులు బాయిల దిగుతున్నరు" అన్నాడు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "కనబడ్తది సారూ. రంగు కనబడ్తది. రాసుకోండ్రి."

"మేస్త్రీ, ఏమంటున్నవో సోయున్నదా?" అన్నాను నేను.

"నువ్వు ఊకో" అన్నాడు. డాక్టరు ఆయన మొహం ఒకసారి చూసి, పని చేయగలవా అని మళ్ళీ అడిగాడు. చేస్తానన్నాడు. అన్‌ఫిట్ కోసం తిరిగేవాళ్ళనే చూసిన ఆ డాక్టర్లు, చేస్తానన్నవాడి మాట తీసేయకుండా ఫిట్ అని రాశారు.

తిరుగు బస్సులో కొడుకు ముందుకు పోయి డ్రైవరు దగ్గర కూర్చున్నాడు. మా స్టాపులో దిగాక ఒకే మాట అన్నాడు. "నీకు గా చైన్లే కొడుకులు. నేనెందుకు?" మేస్త్రి కాలితో నేల తడుముకుంటూ ఇంటి దిక్కు నడిచాడు. ఆ ఇంట్లో చాలా రోజులు వదిన ఒక్కతే మాట్లాడింది, ఒకసారి తండ్రి దిక్కు తిరిగి, ఒకసారి కొడుకు దిక్కు తిరిగి.

మళ్ళీ డ్యూటీలో చేరిన వారంలోనే, ఫర్నేసు తలుపు సందులోంచి చూస్తూ మేస్త్రి నన్నడిగాడు. "తమ్మీ, ఏ రంగున్నది?" అంతకుముందు ఆయన ఎవరినీ అట్లా అడగలేదు. నేను వంగి సందులోంచి చూశాను.

"దానిమ్మ గింజ" అన్నాను.

"నాకు గట్లనే ఉన్నది" అన్నాడు. కానీ నేను చెప్పాక అన్నాడు. ఆయన చూసి అన్నాడో, నా మాట పట్టుకొని అన్నాడో నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నమే ఇంజనీరు సారు గదికి పోయాడు. నన్నూ వెంట రమ్మన్నాడు.

"సారూ, గా మీటరు తెప్పియ్యుండ్రి. తెచ్చినంక ఏడాది సంది కాల్చిన చైన్లన్ని వాపసు తెప్పియ్యుండ్రి. మళ్ళ కాలుస్త."

"ఇన్నాళ్ళూ డబ్బా అన్నావు కదయ్యా. ఇప్పుడేమైంది?"

"ఇప్పుడు గావాలె."

సారు ఆ రోజే కాగితం పెట్టాడు. మీటరు వచ్చింది. ఒక్కో బాయి నుంచి చైన్లు విప్పుకొని వచ్చారు. మేం అన్నింటినీ మీటరు చెప్పిన వేడికి కాల్చి, చల్లార్చి పంపాం. మేస్త్రి మీటరు ముందు స్టూలు వేసుకొని కూర్చునేవాడు. అంకెలు ఆయనకు మసక. నేను చదివి చెప్పేవాణ్ణి. ఆ అంకెలొక్కటే నేను తడబడకుండా చదివేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇనుమును మళ్ళీ సరిగ్గా కాలిస్తే అంతకుముందు కాల్చింది చెరిగిపోతుంది. మొదట తక్కువ కాలిందా, ఎక్కువ కాలిందా అన్నది ఆ చైన్లో ఇక మిగలదు. ఎంత చదువుకున్నవాడు వచ్చి చూసినా చెప్పలేడు. అట్లా, మొదటిసారి మేస్త్రి కన్ను సరిగ్గా చూసిందా లేదా అన్న సంగతిని మేమే మా చేతులతో కాల్చేశాం. మనుషులు క్షేమంగా దిగారు, ఎక్కారు. అది చాలదా అంటే చాలు. అయినా నాకు నిద్ర పట్టని రోజులున్నాయి. ఆయన బోర్డులో నిజం చెప్పాడా, పంతానికి పోయాడా, లేక తన చైన్ల కింద దిగే వాళ్ళను తలుచుకొని బెదిరాడా? నేను ఎప్పుడూ సూటిగా అడిగే మనిషిని. ఇది మాత్రం అడగలేదు. అడిగితే చెప్పేవాడేమో.

రిటైరయ్యాక కళ్ళకు ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక చూడటానికి పోయాను. వదిన వాకిట్లో బొగ్గుల పొయ్యి మీద నీళ్ళు కాచుతోంది. మేస్త్రి ఆ నిప్పుల దిక్కు చూసి, చూసి, "ఇది గింత ఎర్రగుంటదా?" అన్నాడు. ఎవరినీ అడిగినట్టు లేదు. నేను తెచ్చిన అరటిపండ్లు ముట్టలేదు. నిప్పులు ఆరేదాకా అక్కణ్ణుంచి లేవలేదు.

కొడుకు కమాన్‌పూర్ దిక్కు ఓపెన్‌కాస్టులో, నేలను పైనుంచి తవ్వే గనిలో, కాంట్రాక్టు కింద పనికి కుదిరాడు. మట్టి కొట్టుకొని ఇంటికి వచ్చేవాడు. తండ్రికి మందులు తెచ్చేవాడు, దవాఖానకు తీసుకుపోయేవాడు. ఏ లోటూ చెయ్యలేదు. మాట మాత్రం పని ఉంటేనే. రాష్ట్రం వచ్చిన రోజు కాలనీ అంతా పటాకులు కాల్చారు. కంపెనీ మధ్యలో ఆపేసిన కొలువులు మళ్ళీ వారసులకిస్తారని ఎవరో అంటే మేస్త్రి, "మావోనికి వయసు దాటిపాయె" అని లోపలికి పోయాడు. ఆ వానాకాలం దాటలేదు.

సమాధి చర్చి వెనక తవ్వారు. నేల తడిగా ఉంది. పాస్టరు ప్రార్థన చదువుతుండగా కొడుకు నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"కాకా, గా రోజు నువ్వు లోపట ఉన్నవు. నాయినకు రంగు కనబడ్డదా, లేదా?"

"ఆయన కాల్చింది ఒక్క చైను తెగలే రా" అన్నాను.

"గది నాకెరుకే. నేనడిగింది గది గాదు."

కట్టు విప్పాక పొయ్యి ముందు ఆయన అన్న మాట వాడికి చెప్పాలా వద్దా అని తేల్చుకునేలోపే పెట్టె దించమన్నారు. రెండు తాళ్ళు వేశారు. పట్టుకున్నవాళ్ళంతా బాయిలో పని చేసినవాళ్ళే. ఒక దిక్కు ఎక్కువా, ఒక దిక్కు తక్కువా కాకుండా మెల్లగా వదిలారు. పెట్టె అడుగున ఆనిన చప్పుడు కూడా రాలేదు. అందరూ తాడు జారవిడిచి చేతులు దులుపుకున్నారు. కొడుకు విడవలేదు. పైకి లాగలేదు, కిందికి వదల్లేదు. గుంత అంచున తడి మట్టిలో కాళ్ళు తన్నిపట్టి, బరువు ఇంకా తన చేతుల్లోనే ఉన్నట్టు ఆ తాడును బిగించి పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు.